ధర్మశాస్త్రము, కృప, మారుమనస్సు: గోదావరిఖని పలుకుబడి వెలుగున ఒక పదవిచారము

తెలుగు క్రైస్తవ వాఙ్మయమున మూడు పదములు మూలస్తంభముల వంటివి. అవి ధర్మశాస్త్రము, కృప, మారుమనస్సు అనునవి. గ్రీకు మూలమునందలి నోమోస్, ఖారిస్, మెటానోయియా అను మాటలకు బైబిలు అనువాదకులు వీనిని సమానార్థకములుగా నిలిపిరి. ఈ మూటికిని గల సంబంధమెట్టిదను ప్రశ్న క్రైస్తవ ధర్మమున రెండువేల యేండ్లుగా చర్చింపబడుచున్నది. ధర్మశాస్త్రమును పాటించుటచే కృప లభించునా? లేక కృప లభించిన పిదప ధర్మశాస్త్రముతో పని లేదా? మారుమనస్సు కృపకు చెల్లింపవలసిన వెలయా, కృప వలన కలుగు ఫలమా? ఇవి వేదాంతుల ప్రశ్నలే యైనను, అనువాదభాషలో ఇవి పదముల ప్రశ్నలుగా మారును. ఏ పదమును ఎన్నుకొంటిమో దానిని బట్టి వినువాని మనస్సున ఒక సమాధానము ముందే కుదురుకొనును. కావున ఈ విచారము భాషాశాస్త్రమునకు వెలుపలిది కాదు.

ఈ విచారమునకు మేము రామగుండము, గోదావరిఖని బొగ్గునేలను క్షేత్రముగా గ్రహించితిమి. అందుకు హేతువు కలదు. చట్టము, జీతము, కారుణ్యము, వారసత్వము అను మాటలు ఆ నేలయందు పుస్తకములలోని మాటలు కావు; ఇంటింటను ప్రతిదినము పలుకబడు మాటలు. క్రైస్తవ గ్రంథమున పౌలు తన సిద్ధాంతమును నిలిపినదియు సరిగా ఈ మాటల మీదనే. గని కార్మికుని పలుకుబడిని, పౌలు పలుకుబడిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో రెండును స్పష్టతరములగునని మా తలంపు.

1. బొగ్గునేలయు, అచ్చటి క్రైస్తవమును

1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కులను పొందెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. 1945లో అది నిజాము ప్రభుత్వమునకు స్వాధీనమయ్యెను. గోదావరికి దక్షిణపుటొడ్డున రామగుండము చుట్టును గనులు 1960 ప్రాంతమున తెరువబడగా, వానిని ఆశ్రయించి గోదావరిఖని పట్టణము పెరిగెను. నది పేరును, ఖని యను సంస్కృత శబ్దమును కూడి యేర్పడిన ఈ నామము అధికారుల వ్రాతలో ఎంత పండితోచితముగా నున్నను, జనుల నోట గని ‘బాయి’యే. నీళ్ళకు త్రవ్విన బావికిని, బొగ్గునకు త్రవ్విన గనికిని తెలంగాణపు పలుకున ఒక్కటే మాట. ‘బాయి దిగుట’ యనగా పనిలోనికి పోవుటయే.

ఈ నేలకు క్రైస్తవము ఒక్క త్రోవను వచ్చినది కాదు. దక్షిణమున ఇల్లెందు బొగ్గుదారి చీలు రైలుకూడలియైన డోర్నకల్లు, ఆంగ్లికను సంఘమునకు పీఠస్థానమయ్యెను. 1912లో ఆ పీఠమునకు అభిషిక్తుడైన వి. యస్. అజరయ్య ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషపు. కరీంనగరము ప్రాంతమున వెస్లియను మెథడిస్టులు పని చేసిరి. 1947 సెప్టెంబరు 27వ తేదీన ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘమున ఆంగ్లికను, మెథడిస్టు ధారలు రెండును కలిసినవి. గోదావరి కావలి యొడ్డున మంచిర్యాల కేంద్రముగా 1999లో సీరో మలబారు కథోలికుల అదిలాబాదు మేత్రాసనము వెలసెను. ఇవి గాక బాప్తిస్టు, పెంతెకొస్తు ప్రార్థనామందిరములు కార్మికవాడలయందు పెక్కు కలవు.

వీనిలో మెథడిస్టు ధార ఈ విచారమునకు విశేషముగా సంబంధించినది. ఇంగ్లండున బ్రిస్టలు చెంత కింగ్స్‌వుడ్ అను చోట బొగ్గుగనుల కూలీలు దేవాలయమునకు దూరముగా బ్రదుకుచుండిరి. త్రాగుబోతులనియు, మొరటువారనియు లోకము వారిని ఎంచెడిది. 1739లో జార్జి విట్‌ఫీల్డు, అతని వెనువెంట జాన్ వెస్లీ, ఆ కూలీలకు ఆరుబయట ఉపదేశించిరి. బొగ్గుతో నల్లనైన చెక్కిళ్ళ మీద కన్నీరు తెల్లని చారలు దిద్దెనని విట్‌ఫీల్డు వర్ణించిన దృశ్యము మెథడిస్టు చరిత్రలో ప్రసిద్ధము. మనుష్యుడు మారుమనస్సు పొందుటకు ముందే అతనియందు దేవుని కృప పని చేయ మొదలిడునని వెస్లీ బోధించెను. దానిని ‘ముందు నడచు కృప’ యనవచ్చును. బొగ్గుగని కూలీలకు చేసిన బోధతో మొదలైన ఉద్యమపు శాఖయొకటి, శతాబ్దమునకు పైగా గడచిన పిదప, మరియొక బొగ్గునేల చెంతకు తెలుగుభాషలో చేరుట గమనింపదగిన విషయము.

2. ధర్మశాస్త్రము

తెలుగున బైబిలు అనువాదము దీర్ఘకాలము సాగినది. విశాఖపట్టణమున లండను మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ డే గ్రాంజ్ అనువారు, ఆనందరాయరు తోడ్పాటుతో ఆరంభించిన సువార్తల అనువాదము 1812లో శ్రీరామపురమున అచ్చయ్యెను. 1818లో క్రొత్త నిబంధనయు, 1854లో సంపూర్ణ గ్రంథమును వెలువడినవి. ఈ పరంపరలో స్థిరపడిన పదములలో ‘ధర్మశాస్త్రము’ ఒకటి.

హీబ్రూ భాషయందలి తోరా యను మాటకు ప్రధానార్థము ఉపదేశము. దానిని గ్రీకు భాషలోనికి మార్చినవారు నోమోస్ అనిరి. దానికి చట్టము, ఆచారము అని యర్థము. ఇందువలన ఉపదేశము అను భావము కొంత మరుగుపడెను. తెలుగువారు ‘ధర్మశాస్త్రము’ అనుటచే, ‘శాస్త్రము’ అను మాటయందు శాసనము, బోధ అను రెండర్థములును ఉండుటచే, తోరా యొక్క తొలి భావము కొంతవరకు తిరిగి లభించినది. ఇది ఈ పదమునందలి గుణము.

ఐనను ఈ పదము ఖాళీ పాత్ర కాదు. తెలుగు పాఠకునకు అది పూర్వపరిచితము. మనుస్మృతి, యాజ్ఞవల్క్యస్మృతి మున్నగునవి ధర్మశాస్త్రములు. యాజ్ఞవల్క్యస్మృతికి వ్యాఖ్యయైన మితాక్షరను తిక్కన కాలమునాటి మూలఘటిక కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ అను పేర తెలుగు చేసెను. యాజ్ఞవల్క్యస్మృతిలో మూడు భాగములు కలవు: ఆచారము, వ్యవహారము, ప్రాయశ్చిత్తము. ఇచ్చట ఒక ముఖ్యవిషయము పరిశీలింపదగినది. ఈ సంప్రదాయమున దోషమునకు విరుగుడు ధర్మశాస్త్రము లోపలనే కలదు. నియమము చెప్పిన గ్రంథమే, నియమము తప్పినచో చేయవలసిన ప్రాయశ్చిత్తమును కూడ చెప్పును. ఇంతటి తప్పునకు ఇంతటి వ్రతము అను కొలత యున్నది. కావున ‘ధర్మశాస్త్రము’ అను మాట విన్న తెలుగువాని చిత్తమున, దోషి దోషమును తానే తీర్చుకొనగలడను భావము సహజముగా మెదలును.

మోషే ధర్మశాస్త్రమున కూడ బలులును, ప్రాయశ్చిత్తదినమును కలవు. కాని పౌలు దృష్టిలో ధర్మశాస్త్రము పరిశుద్ధమైనదే, మంచిదే యైనను, జీవమునిచ్చు శక్తి దానికి లేదు. అది పాపమును ఎరిగించును, పాపమును పోగొట్టదు. విరుగుడు ధర్మశాస్త్రమునకు వెలుపలి నుండి రావలెను. గలతీయులకు వ్రాసిన పత్రికలో ధర్మశాస్త్రమును అతడు ‘పైదగోగోస్’తో పోల్చెను. అనగా యజమానుని బిడ్డను చేయి పట్టి ఉపాధ్యాయుని యొద్దకు నడిపించు సేవకుడు. తెలుగు అనువాదమున దీనికి ‘బాలశిక్షకుడు’ అను మాట నిలిచినది. పెద్దబాలశిక్షతో అక్షరాభ్యాసము చేసిన జాతికి ఇది ఎంతయో హృద్యమైన మాట. కాని గ్రీకు మూలమున ఆ సేవకుడు గురువు కాడు. గురువు నొద్దకు చేర్చువాడు మాత్రమే. తెలుగు మాటలో శిక్షకుడు గురువై కూర్చుండెను. త్రోవ చూపువానినే గమ్యముగా భ్రమించు ప్రమాదము ఈ చిన్న పదమున దాగియున్నది.

గనిలో పని చేయువానికి ఈ భేదమును వివరించుట కష్టము కాదు. భూగర్భమున మీథేను వాయువు చేరునప్పుడు దానిని కనిపెట్టుటకు పూర్వము జ్వాల గల రక్షకదీపమును వాడెడివారు. హంఫ్రీ డేవీ 1815లో కల్పించిన దీపమునకు ఇది సంతతి. వాయువున్నచో మంట చుట్టును నీలిపొర యేర్పడును. నేడు ఆ పనిని యంత్రసూచికలు చేయుచున్నవి. దీపమైనను, యంత్రమైనను అపాయమును చూపును, దానిని తొలగింపజాలదు. తొలగించునది పైనుండి ఫ్యాను వలన లోనికి ప్రవహించు క్రొత్తగాలి. వాయువు నూటికి 1.25 వంతు మించినచో మనుష్యులను అచ్చటినుండి తప్పింపవలెనని నిబంధన. కార్మికుడు వెనుదిరిగి మంచిగాలి వచ్చు దారికి నడచును. ఆ నడక గాలిని పుట్టింపదు. గాలికి అది వెలయు కాదు. కాని నడువనివాడు బ్రదుకడు. దీపము ధర్మశాస్త్రము వంటిది, గాలి కృప వంటిది, వెనుదిరిగి నడచుట మారుమనస్సు వంటిది అనినచో మూటి సంబంధమును స్థూలముగా చెప్పినట్లగును.

దీపమును నిందించుట గాని, పగులగొట్టుట గాని వివేకము కాదు. గనుల భద్రతకు 1952 నాటి గనుల చట్టము, 1957లో వెలువడి 2017లో క్రొత్తగా కూర్పబడిన బొగ్గుగనుల నిబంధనలు ఊరక పుట్టినవి కావు. వాని వెనుక ప్రాణములు కలవు. 2003 జూన్ 16వ తేదీన గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చి 17 మంది కార్మికులు మృతి చెందిరి. చట్టము అట్టి మరణములను ఆపుటకు ఉన్నది. మృతులను లేపుటకు అది చాలదు. చట్టము మంచిదే, కాని జీవమియ్యజాలదు అను పౌలు వాక్కునకు ఈ నేలపై వ్యాఖ్యానము అక్కరలేదు.

3. కృపయు, జీతమును

‘కృప’ తెలుగు భక్తివాఙ్మయమునకు చిరపరిచితమైన పదము. దయ, కరుణ, అనుగ్రహము, ప్రసాదము అనునవి దాని తోబుట్టువులు. గోదావరీతీరముననే భద్రాచలమున రామదాసు చెరలో నుండి వేడినది కృపనే. శ్రీవైష్ణవులలో జీవుని ప్రయత్నము కొంత యుండవలెనా, తల్లిపిల్లి కూనను కరచుకొని పోయినట్లు భగవంతుడే సర్వము చేయునా అను వాదము మర్కటకిశోర, మార్జాలకిశోర న్యాయముల పేర ప్రసిద్ధము. కావున కారణము లేని కృప యను తలంపు తెలుగువారికి క్రొత్త కాదు. తెలుగు కథోలికులు ఇదే భావమునకు ‘వరప్రసాదము’ అను మాటను వాడుదురు. కృప యనినచో దాత హృదయము స్ఫురించును. వరప్రసాదమనినచో గ్రహీత చేతికందిన వస్తువు స్ఫురించును. రెండు సంఘముల సిద్ధాంతభేదము కొంత ఈ రెండు మాటలలోనే తొంగిచూచును. ఆ భేదము పూర్వము మిక్కిలి తీవ్రముగా నుండెను. కాని 1999 అక్టోబరు 31వ తేదీన ఆగ్స్‌బర్గున లూథరను ప్రపంచ సమాఖ్యయు, కథోలిక సంఘమును నీతిమంతులుగా తీర్చబడుటను గూర్చి ఉమ్మడి ప్రకటన చేసినవి. 2006లో మెథడిస్టులును దానికి సమ్మతి తెలిపిరి. రక్షణ మనుష్యుని యోగ్యతచే గాక కృపచేతనే కలుగునని అందరు నొప్పుకొనిరి.

ఐనను కృప యనునది ఏది కాదో చెప్పినచో అర్థము మరింత తేటపడును. పౌలు దానికి ఎదురుగా నిలిపిన మాట జీతము. పని చేసినవానికి జీతము ఋణముగా చెల్లవలసినదే గాని, అది దాత దయ కాదని అతడు రోమీయులకు వ్రాసెను. గమనింపదగిన దేమనగా, ఆ చోట మూలమున ఖారిస్ అను మాటయే యున్నను తెలుగు అనువాదమున అది ‘దానము’ అయినది. అందుచే, తక్కిన చోట్ల ‘కృప’ అని చదివిన పదమే ఇచ్చట జీతమునకు ఎదురుగా నిలిచినదని తెలుగు పాఠకుడు గుర్తింపజాలడు. మరల అదే పత్రికలో, పాపము ఇచ్చునది జీతము, దేవుడిచ్చునది కృపావరము అను భేదము వచ్చును. పౌలు తర్కమంతయు జీతము, కృప అను రెండు మాటల పైననే తిరుగుచున్నది.

గోదావరిఖనిలో జీతమన నేమో చెప్పనక్కరలేదు. హాజరు పడినచో ‘మస్టరు’, పడనిచో ‘నాగా’. మస్టర్లు తక్కువైనచో చార్జిషీటు. ఇది కఠినమైనను న్యాయమైన లెక్క. చేసిన పనికి జీతము అడుగుట భిక్ష కాదు, హక్కు. కార్మికసంఘములు ఈ హక్కు కొరకే పోరాడినవి. కావున కృప గొప్పది, జీతము హీనమైనది యని మేము చెప్పుట లేదు. యజమాని చెల్లింపవలసిన జీతమును దయగా చూపుట అన్యాయము. అట్లే దేవుని దయను మనుష్యుడు జీతముగా లెక్కించుట అజ్ఞానము. రెండింటికిని వేరువేరు స్థానములు కలవు.

ఈ భేదము తెలుగుదేశమున ఒకమారు చరిత్రలో ప్రత్యక్షముగా పరీక్షింపబడినది. అది బొగ్గునేలకు దూరమైన ఒంగోలు ప్రాంతమున జరిగినను, కూలి, కృప అను రెండు మాటలును ఒక్కచోట ఎదురెదురుగా నిలిచిన ఘట్టమగుటచే ఇచ్చట స్మరింపదగినది. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిలో ఘోరమైన క్షామము వచ్చెను. అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మూడుమైళ్ళకు మించిన భాగమును గుత్తకు తీసికొని వేలమంది నిరుపేదలకు కూలి కల్పించెను. అప్పుడు బాప్తిస్మము కోరినవారు అనేకులు. కాని క్లౌ ఆ కాలమున బాప్తిస్మములను నిలిపివైచెను. కూలి కొరకు వచ్చినవారు బాప్తిస్మమును కూలిలో భాగముగా నెంచరాదనియు, బాప్తిస్మము పొందినవారికే కూలి యని లోకము తలపరాదనియు అతని యాశయము. క్షామనివారణ పని ముగిసిన పిదప, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారి విశ్వాసము యొక్క లోతును గూర్చి ఆనాటినుండి వాదములు కలవు. ఆ వాదములలోనికి మేము దిగము. కూలిని కూలిగాను, కృపను కృపగాను వేరు చేసి నిలుపుటకు ఒక మనుష్యుడు బుద్ధిపూర్వకముగా యత్నించెనన్నది మాత్రమే మాకు ప్రకృతము.

4. వారసత్వము, కారుణ్యము

బొగ్గునేల పలుకుబడిలో మరి రెండు మాటలు పౌలు పలుకుబడికి ఆశ్చర్యకరముగా సమీపమున నున్నవి. అవి వారసత్వము, కారుణ్యము.

తండ్రి యుద్యోగము కుమారునకు దక్కవలెనన్నది సింగరేణి కార్మికుల చిరకాలపు కోరిక. ఆరోగ్యమును బొగ్గుదుమ్మునకు అర్పించిన కుటుంబమునకు అది న్యాయమని వారి వాదము. 2016 చివర ప్రకటింపబడిన వారసత్వోద్యోగ పథకమును 2017లో హైదరాబాదు ఉన్నత న్యాయస్థానము కొట్టివైచెను. ప్రభుత్వసంస్థలో ఉద్యోగము పుట్టుకచే సంక్రమించుట రాజ్యాంగములోని సమానావకాశ సూత్రమునకు సరిపడదు. ఆ పిమ్మట, అనారోగ్యముచే పనికి అనర్హులని వైద్యమండలి తేల్చిన కార్మికుల ఆశ్రితులకు, నిర్ణీత నియమములకు లోబడి, ‘కారుణ్య నియామకము’ల పేర ఉద్యోగములు లభించినవి. జనుల నోట ఆ వైద్యనిర్ణయమునకు ‘అన్‌ఫిట్టు’ అని పేరు.

ఈ మార్పును పదదృష్టితో చూచినచో, పుట్టుక యను ఆధారము తొలగి, అశక్తత యను ఆధారము వచ్చినది. బాప్తిస్మమిచ్చు యోహాను మారుమనస్సును బోధించుచు మొట్టమొదట త్రోసివైచినది పుట్టుకహక్కునే. అబ్రాహాము మాకు తండ్రి యని చెప్పుకొనవద్దని అతడు హెచ్చరించెను. పౌలును, స్వాస్థ్యము ధర్మశాస్త్రము వలన గాక వాగ్దానము వలన కలుగుననియు, విశ్వసించినవారే వారసులనియు వ్రాసెను. ధర్మశాస్త్రము ఎదుట నిలిచిన ప్రతివాడును అశక్తుడని తేలును. ప్రతి నోరును మూయబడును. అనగా అందరును అన్‌ఫిట్టే. కృప మొదలగునది అచ్చటనే.

ఐతే ఈ సామ్యమునకు హద్దు కలదు. కారుణ్య నియామకమునకు నియమములు కలవు. అవి నెరవేరినచో అది హక్కగును. దానిని ఇమ్మని ఎవడైనను న్యాయస్థానమున నిలిచి అడుగవచ్చును. పేరు కారుణ్యమే యైనను దాని ప్రాణము చట్టమే. అట్లు కాకున్నచో అధికారి యిష్టమే చట్టమగును. ప్రభుత్వమునకు అది తగదు. క్రైస్తవమున కృప ఇందుకు భిన్నము. అశక్తత కూడ అచ్చట యోగ్యతాపత్రము కాదు. తాను పాపినని గట్టిగా చెప్పుకొనినంత మాత్రమున ఎవనికిని దేవునిపై హక్కు కలుగదు. హక్కు లేనిచోట ఇవ్వబడునదే కృప. ఈ భేదమును మరచినచో మారుమనస్సు సైతము ఒక ధ్రువపత్రముగా మారును.

5. పశ్చాత్తాపమును, మారుమనస్సును

మెటానోయియా అను గ్రీకు శబ్దమున రెండు అవయవములు కలవు. ‘మెటా’ యనగా తరువాత, లేక మారి. ‘నోయియా’ యనగా బుద్ధి, మనస్సు. తెలుగున దీనికి సమీపముగా రెండు మాటలున్నవి. పశ్చాత్తాపము సంస్కృతసమాసము: పశ్చాత్ అనగా తరువాత, తాపము అనగా కాగుట. మారుమనస్సు మిశ్రసమాసము: ‘మారు’ తెలుగు, ‘మనస్సు’ సంస్కృతము. మొదటిది గ్రీకు పదములోని ‘తరువాత’ను పట్టుకొనెను, రెండవది ‘మనస్సు’ను పట్టుకొనెను.

‘మారు’ తెలుగున బహ్వర్థకము. మారుపేరు, మారుతల్లి, మారుమాట అనుచోట్ల దానికి వేరొకటి, బదులైనది యని యర్థము. మారువేషము అనుచోట లోపలి మనిషి అతడే, పై రూపము మాత్రము వేరు. మారుబేరము అనుచోట కొన్నదానిని మరల అమ్ముట. ఈ సోదరపదముల నడుమ ‘మారుమనస్సు’ నిలిచి తన యర్థమును తానే చెప్పుకొనుచున్నది. అది మారువేషము కాదు. వేషము మారక మనస్సే వేరగుట. అది మారుబేరమును కాదు. ఇచ్చి పుచ్చుకొను వర్తకము అందు లేదు.

గ్రీకు మూలమున మెటామెలోమై యను మరియొక క్రియ కలదు. జరిగినదానికై వగచుట దాని యర్థము. యేసును అప్పగించిన యూదా విషయమున మత్తయి వాడినది ఈ క్రియనే. తెలుగు అనువాదకులు అచ్చట ‘పశ్చాత్తాపము’ అను మాటను ఉంచుట వారి సూక్ష్మదృష్టికి నిదర్శనము. యూదా తన దోషమును ఎరిగెను, ఒప్పుకొనెను, వెండినాణెములను తిరిగి యిచ్చెను. న్యాయదృష్టితో చూచినచో అతడు చేయవలసిన దంతయు చేసెను. కాని ఆ తాపము అతనిని మరణమునకు ఈడ్చుకొని పోయెను. పేతురును ఆ రాత్రియే తన గురువును ఎరుగనని ముమ్మారు బొంకి, వెలుపలికి పోయి యేడ్చెను. కాని అతడు తిరిగి వచ్చెను. ఇద్దరికిని తాపము సమానమే. ఒకడు ధర్మశాస్త్రపు తీర్పు నెదుట ఒంటరిగా నిలిచెను. ఒకడు క్షమించువాని చెంతకు మరలెను. కృప లేని పశ్చాత్తాపము నిరాశ యగునని ఈ రెండు కథలు తెలుపుచున్నవి.

పాశ్చాత్యదేశములలోను ఇట్టి పదవిచారమే చరిత్రను మార్చెను. లాటిను బైబిలులో మెటానోయియాకు నిలిచిన మాటకు ‘ప్రాయశ్చిత్తము చేయుడు’ అను నర్థము స్ఫురించుచుండెను. లోరెంజో వాల్లాయు, అతని వెనుక 1516లో గ్రీకు క్రొత్త నిబంధనను ప్రకటించిన ఎరాస్మసును, మూలార్థము మనస్సు మారుటయే యని చూపిరి. 1517లో లూథరు తన తొంబదియైదు సిద్ధాంతములలో మొదటిదానినే ఈ విషయమునకు కేటాయించి, విశ్వాసి జీవితమంతయు మారుమనస్సుగా నుండవలెనని ప్రతిపాదించెను. ఒక క్రియాపదపు అనువాదము నుండి ఒక యుగము మారెననుట అతిశయోక్తి కాదు.

తెలుగున ఈ మూడు భావములకు గల క్రియలను పరిశీలింపుడు. ప్రాయశ్చిత్తము ‘చేసికొందురు’. పశ్చాత్తాపము ‘పడుదురు’. మారుమనస్సును మాత్రము ‘పొందుదురు’. బైబిలు తెలుగున నిలిచిన పలుకుబడి ఇదియే. చేయుట కర్తయొక్క ప్రయత్నము; పడుట అనుభవము; పొందుట ఒకరిచ్చినది అందుకొనుట. దేవుడే అన్యజనులకు మారుమనస్సును దయచేసెనని అపొస్తలుల కార్యములలో చెప్పబడిన సిద్ధాంతమునకు ఈ క్రియ ఎంతయు అనుగుణము. మారుమనస్సు కృపకు వెల కాదు, కృపయొక్క తొలిపని యను తత్త్వమును ‘పొందు’ అను ఒక్క క్రియ తనలో నిలుపుకొన్నది. వ్యాఖ్యాతలు అనేక పుటలలో చెప్పుదానిని తెలుగు నుడికారము సహజముగా చెప్పగలిగినది.

6. ఫలితార్థము

ఈ చర్చకు కార్మికవాడలో ప్రత్యక్షప్రయోజనము కలదు. గనినేలయందు కల్లు, సారాయి వలన చితికిన కుటుంబములు తక్కువ కాదు. దాదాపు ప్రతి సంఘమును త్రాగుడును నిషేధించును. నియమము తప్పినవానిని ప్రభురాత్రి భోజనమునకు దూరముగా నుంచు సంఘములును కలవు. క్రమశిక్షణ సంఘమునకు అవసరమే. భార్యాబిడ్డల క్షేమము దృష్ట్యా అది దయయే. కాని ముందు త్రాగుడు మానుము, పిదప రమ్ము అను మాట వినిన కార్మికుడు దానిని తన వృత్తిభాషలో నిట్లు గ్రహించును: ముందు మస్టర్లు నింపుము, పిదప జీతము. అప్పుడు కృప జీతమగును. సంఘము హాజరుపట్టీ యగును. ఎన్నడును మస్టర్లు నింపజాలనివాడు వాకిటనే నిలిచిపోవును. యూదా వలె అతనికి మిగులునది తాపమే.

దీనికి ఎదుటి ప్రమాదమును కలదు. కృప యున్నది గదా, నాగాలకు భయమేల యని తలచువాడు ఆ కృపను ఎరుగడు. కృప విస్తరించుటకై పాపమున నిలిచియుందమా యని పౌలే ప్రశ్నించి, కూడదని త్రోసివైచెను. క్రియలు లేని విశ్వాసము మృతమని యాకోబు చెప్పెను. మంచిగాలి వీచుచున్నదని విని విషవాయువు నడుమనే కూర్చుండువాడు గాలిని నమ్మినవాడు కాడు.

ఈ రెండు ప్రమాదముల నడుమ యేసు చెప్పిన రెండు ఉపమానములు దారి చూపుచున్నవి. ద్రాక్షతోట యజమాని తెల్లవారుజామున పిలిచినవారికిని, ప్రొద్దు గ్రుంకుటకు ఒక గంట ముందు పిలిచినవారికిని ఒక్కటే కూలి యిచ్చెను. ఏ కార్మికసంఘమును దీనిని వేతననీతిగా అంగీకరింపదు, అంగీకరింపనక్కరయు లేదు. అది వేతనమును గూర్చిన కథ కాదు. ముందు వచ్చినవారికి మాట ప్రకారము కూలి ముట్టెను, ఎవనికిని తక్కువ కాలేదు. వెనుక వచ్చినవారికి కూలి కాని దేదియో దక్కెను.

రెండవది తప్పిపోయిన కుమారుని కథ. ఆస్తిని పాడు చేసికొన్న ఆ కుమారుడు ఇంటికి మరలుచు తండ్రితో చెప్పవలసిన మాటలను సిద్ధపరచుకొనెను. వానిలో చివరిది, నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకొనుమని. అనగా కుమారత్వము పోయినను కూలి యైనను దక్కునని అతని లెక్క. తీరా తండ్రి యెదుట నిలిచి అతడు తన పాపమును ఒప్పుకొనెను, కుమారుడనిపించుకొనుటకు తగనని చెప్పెను. కాని లూకా వ్రాతలో కూలిమాట అతని నోటినుండి వెలువడలేదు. అంతలోనే తండ్రి వస్త్రమును, ఉంగరమును, చెప్పులను తెమ్మని సేవకులకు ఆజ్ఞాపించెను. అంతకు ముందే, కుమారుడింకను దూరముగా నుండగనే, తండ్రి పరుగెత్తి యెదురు వచ్చెను. ఇంటి వెలుపల నిలిచిన పెద్దకుమారుడు మాత్రము తన యేండ్ల చాకిరిని లెక్కించి, తనకు మేకపిల్లయైన దక్కలేదని వాదించెను. చిన్నవాడు కూలివాడు కాబోయి కుమారుడయ్యెను. పెద్దవాడు కుమారుడై యుండియు కూలివాని లెక్కలో మిగిలెను. వానిని కూడ లోనికి పిలుచుటకు తండ్రి వెలుపలికి వచ్చెనని గ్రంథము చెప్పుచున్నది.

కావున మూడు పదముల సంబంధమును ఇట్లు సంగ్రహింపవచ్చును. ధర్మశాస్త్రము ఋణమును చూపును, ఋణమును తీర్పదు. కృప ఋణములేనిచోట ఇవ్వబడును. దానికి హాజరుపట్టీ లేదు. మారుమనస్సు ఆ రెంటి నడుమ మలుపు. అది చేసికొనునది కాక పొందునది. పొందిన పిదప నడువవలసినది. ఈ నడకలో ధర్మశాస్త్రము మరల దీపమై యుపకరించును. తెలుగు పదములలో ‘ధర్మశాస్త్రము’ ప్రాయశ్చిత్తపు వాసన కలిగి కొంత త్రోవ తప్పించినను, ‘మారుమనస్సు పొందుట’ యను పలుకుబడి ఆ లోపమును పూరించుచున్నది. బోధకులు ‘పొందుడు’ అనవలసినచోట ‘చేయుడు’ అనకుందురేని, బాయి దిగి వచ్చిన శ్రామికుడు వాకిట నిలిచిపోవలసిన యవసరముండదు.